మీకు తెలుసా? ప్రోనోటుకు మూడేళ్లే గడువు

అడిగినప్పుడు తీరుస్తానని రాసిచ్చిన ప్రోనోటు మీద దావా వేయాలంటే, నోటు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపే వేయాలి. 1963 నాటి లిమిటేషన్ చట్టం పెట్టిన గడువు ఇది. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే, మళ్లీ తెరిచిన రోజున వేయవచ్చు. అదీ దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టే.

• గడువు లోపల బాకీదారు అసలు కిందో వడ్డీ కిందో కొంత కట్టి, నోటు వెనుక ‘ఈ తేదీన ఇంత చెల్లించాను’ అని రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క. అప్పిచ్చినాయన తనంతట తాను రాసుకున్న చెల్లు పనికిరాదు.

• పైకం కట్టకపోయినా, గడువు లోపల ‘బాకీ ఉన్నాను’ అని రాసి సంతకం చేసిస్తే చాలు.

• గడువు దాటాక వేయించిన చెల్లు గడువును పెంచదు. అయితే ఆ పాత బాకీ తీరుస్తానని కొత్తగా రాసి సంతకం చేసిస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుతుంది.

• సంతకం రెవెన్యూ స్టాంపు మీదుగా పడాలి. స్టాంపు లేని చాలా దస్తావేజులను జరిమానా కట్టి సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు.

• సాక్షుల సంతకాలు చట్టం తప్పనిసరి చేయలేదు. బాకీదారు ‘ఆ సంతకం నాది కాదు’ అన్న రోజున మాత్రం వాళ్లే అక్కరకొస్తారు.

బాకీ మొత్తం తీర్చేశారా? నోటు వెనక్కి తీసుకోవడం మరవకండి.