పన్ను లెక్క... 5 డాలర్లే!

పన్ను లెక్కల పని ఇక మానేద్దామనుకున్నారు ఆ అన్నదమ్ములు. శ్రమ ఎక్కువ, మిగిలేది తక్కువ మరి! 1955లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పద్దులు రాసే చిన్న సంస్థ నడుపుతున్న హెన్రీ, రిచర్డ్‌ల పరిస్థితి అది. వాళ్ల ఖాతాదారు ఒకాయన స్థానిక పత్రికలో ప్రకటనల విభాగంలో పనిచేసేవాడు. మానేసేముందు ఓ ప్రకటన ఇచ్చి చూడమన్నాడు.

హెన్రీ తటపటాయించాడు. రెండు చిన్న ప్రకటనలకు 100 డాలర్లు! ఒక్కో పన్ను పత్రం నింపితే వచ్చేది 5 డాలర్లు. కనీసం 20 మంది వస్తేగానీ ఆ ఖర్చు రాదు. చివరికి సరేనన్నాడు.

ప్రకటన వచ్చిన మర్నాడే ఆఫీసు నిండా జనం!

కారణం లేకపోలేదు. అంతవరకూ పన్నుల శాఖే ఆ పత్రాలను ఉచితంగా నింపిపెట్టేది. సరిగ్గా ఆ ఏడాదే అక్కడ ఆపేసింది. దిక్కుతోచనివాళ్లకు ‘ఎక్కడికెళ్లాలి, ఎంతవుతుంది’ అన్న రెండు ప్రశ్నలకూ పత్రికలో జవాబు దొరికింది.

దాంతో పద్దుల పని పక్కనపెట్టి, జనం సరిగ్గా పలికేలా ఇంటిపేరు స్పెల్లింగు మార్చి, ‘హెచ్ అండ్ ఆర్ బ్లాక్’ని ప్రారంభించారు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌కీ విస్తరించారు. 2019లో 96 ఏళ్ల వయసులో హెన్రీ కన్నుమూసేనాటికి ఆ పేరు తెలియని అమెరికన్లు అరుదు. ఎదుటివారి అవసరం తెలిస్తే చాలు... నాలుగు మాటలైనా జనాన్ని రప్పిస్తాయి!