నెత్తురు చూపని నేరకథలు
లెవిన్సన్, లింక్‌ల జంట రచనా జీవితం

టెలివిజన్ ఉన్న ప్రతి ఇంటికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. రోజూ సాయంత్రం నట్టింట్లో కూర్చుని మన పిల్లలకు కథలు చెప్పే ఆ అపరిచితుడు ఎవరు? తాను చెప్పిన కథకు అతడు ఎంతవరకు బాధ్యుడు? ఇంటికి వచ్చిన అతిథి మాట జారకుండా జాగ్రత్తపడతాడు. హత్యలనూ మోసాలనూ కథావస్తువుగా చేసుకుని జీవించే రచయిత ఆ మర్యాదను ఎలా పాటించాలి? ఈ ప్రశ్నను ఎవరూ అడగకముందే తమకు తాము వేసుకుని, తమ రచనల్లోనే సమాధానం వెదికిన ఇద్దరు అమెరికన్ రచయితలను ఈ నెల పాఠకులకు పరిచయం చేయదలిచాము. వారు రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్.

లింక్ 1933 డిసెంబరులోనూ, లెవిన్సన్ 1934 ఆగస్టులోనూ ఫిలడెల్ఫియాలో జన్మించారు. జూనియర్ హైస్కూలులో చేరిన మొదటి రోజునే ఇద్దరికీ పరిచయమైంది. ఇద్దరికీ ఇంద్రజాలమన్నా, అపరాధ పరిశోధక కథలన్నా మక్కువ. ఆ వయసులోనే కలిసి రాయడం మొదలుపెట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, 1954లో వారి తొలి కథ ‘ఎల్లరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్’లో అచ్చయింది. అప్పటి నుండి వారి కృషి అంతా ఉమ్మడిగానే సాగింది. ఇద్దరిలో ఏ వాక్యం ఎవరిదని విడదీసి చూపడం సాధ్యం కానంతగా ఆ కలయిక కుదిరింది.

వారికి శాశ్వత కీర్తిని తెచ్చిన పాత్ర లెఫ్టినెంట్ కొలంబో. ఈ పోలీసు అధికారి 1960లో ఒక టెలివిజన్ నాటికలో తొలిసారి కనిపించాడు. 1962లో ‘ప్రిస్క్రిప్షన్: మర్డర్’ అనే రంగస్థల నాటకంలోకి వచ్చాడు. అదే నాటకం 1968లో టెలిఫిల్మ్‌గా రూపొందినప్పుడు పీటర్ ఫాక్ ఆ పాత్రను ధరించాడు. 1971 నుండి అది ధారావాహికగా సాగింది. దాని మొదటి భాగానికి దర్శకత్వం వహించినవాడు, అప్పటికి ఇంకా పెద్దగా పేరు రాని స్టీవెన్ స్పీల్‌బర్గ్.

సాధారణంగా నేరకథలో హంతకుడెవరన్నది చివరి వరకు దాచి ఉంచుతారు. వీరు ఆ పద్ధతిని తలకిందులు చేశారు. ‘కొలంబో’లో హత్య ఎవరు చేశారో ప్రేక్షకునికి మొదట్లోనే తెలిసిపోతుంది. అతడు ఎలా పట్టుబడతాడన్నదే మిగిలిన ఉత్కంఠ. ఆ హంతకుడు తరచుగా ధనవంతుడు, విద్యావంతుడు, సమాజంలో పలుకుబడి గలవాడు. ఎదుట నిలిచేది నలిగిన రెయిన్‌కోటు వేసుకుని, పాతకారులో వచ్చే సామాన్యుడు. ఈ అధికారి గొంతు పెంచడు, చెయ్యి చేసుకోడు, తుపాకీ వెంట తిప్పుకోడు. వినయంగా ప్రశ్నిస్తాడు, ఓపికగా వింటాడు, చిన్న చిన్న వివరాలను మనసులో దాచుకుంటాడు. అహంకారంతో కళ్లు మూసుకున్న నేరస్థుడు అతణ్ణి తక్కువ అంచనా వేసి, తన మాటలతోనే తాను చిక్కుకుంటాడు. దోస్తోయెవ్‌స్కీ ‘నేరము – శిక్ష’ నవలలోని దర్యాప్తు అధికారి ఈ పాత్రకు ఒక ప్రేరణ అని రచయితలే చెప్పుకున్నారు.

వెళ్లిపోతున్నట్లే వెళ్లి, గుమ్మం దగ్గర ఆగి, “ఒక్క చిన్న విషయం మిగిలిపోయింది” అంటూ కొలంబో వెనుదిరగడం లోక ప్రసిద్ధం. దీని పుట్టుక వెనుక పెద్ద ఆలోచనేమీ లేదు. నాటకం రాస్తున్నప్పుడు ఒక సన్నివేశం నిడివి చాలలేదు. అప్పటికే పాత్ర నిష్క్రమించినట్లు టైపు చేసి ఉన్నారు. పేజీ అంతా మళ్లీ టైపు చేయడానికి బద్ధకించి, పాత్రనే వెనక్కి రప్పించారు!

ఈ ధారావాహికలో హత్య ఉంటుంది గాని, గాయాలను దగ్గరగా చూపి ఒళ్లు జలదరింపజేసే ధోరణి ఉండదు. కథను నడిపించేది సంభాషణే. 1975లో వారు అందించిన ‘ఎల్లరీ క్వీన్’ ధారావాహికలో కథానాయకుడు చిక్కుముడి విప్పేముందు తెరమీద నుండి నేరుగా ప్రేక్షకులను పలకరించి, ఆధారాలన్నీ మీ ముందున్నాయి, మీరే చెప్పండి అన్నట్లు అడిగేవాడు. అది ఒక్క ఏడాదితోనే ఆగిపోయింది. అయినా వారు వెనుకంజ వేయలేదు. 1984లో పీటర్ ఎస్. ఫిషర్‌తో కలిసి ‘మర్డర్, షి రోట్’ను సృష్టించారు. అందులో నేర పరిశోధన చేసేది ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన ఒక వితంతువు. ఆ పాత్ర ధరించేనాటికి ఏంజెలా లాన్స్‌బరీ వయసు 58 ఏళ్లు. యౌవనమే తెరకు పెట్టుబడి అనుకునే రంగంలో, వయసు మళ్లిన స్త్రీ వివేకం ఆధారంగా ఆ ధారావాహిక 12 ఏళ్లపాటు, 264 భాగాలుగా సాగింది.

ఇంతటి ఆదరణ లభించాక చాలామంది అదే బాటలో నిశ్చింతగా సాగిపోతారు. వీరు మాత్రం తమ పలుకుబడిని కష్టమైన విషయాల కోసం ఖర్చు చేశారు. 1970 నాటి ‘మై స్వీట్ చార్లీ’ ఒక నల్లజాతి న్యాయవాదికీ, ఒక శ్వేతజాతి యువతికీ మధ్య ద్వేషం కరిగి మానవత్వం మొలకెత్తిన తీరును చూపింది. దాని రచనకు వారికి ఎమ్మీ పురస్కారం లభించింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం నుండి పారిపోయాడన్న నేరంపై 1945లో సొంత సైన్యం చేతిలోనే కాల్చివేయబడిన సైనికుని గాథ ‘ద ఎగ్జిక్యూషన్ ఆఫ్ ప్రైవేట్ స్లోవిక్’. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు పాఠశాల గడప తొక్కడానికి పడిన యాతన ‘క్రైసిస్ ఎట్ సెంట్రల్ హై’. ‘ద గన్’ అనే టెలిఫిల్మ్‌లో చేతులు మారుతూ పోయే ఒక పిస్తోలే ప్రధాన పాత్ర.

మా దృష్టిలో వీటన్నింటికంటే ముఖ్యమైనది 1977 నాటి ‘ద స్టోరీటెల్లర్’. ఒక టెలివిజన్ రచయిత రాసిన కథలో నిప్పు పెట్టే దృశ్యం ఉంటుంది. దాన్ని చూసిన ఒక బాలుడు నిప్పు పెట్టి, ఆ మంటల్లోనే ప్రాణాలు కోల్పోతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ రచయితను నిలదీస్తుంది. అతడు దోషియా? కేవలం కథ చెప్పినవాడా? నేరకథలతో పేరు సంపాదించిన ఇద్దరు రచయితలు తమ వృత్తినే ఇలా బోనులో నిలబెట్టారు. తీర్పును సులభంగా తేల్చివేయలేదు గాని, ప్రశ్న నుండి తప్పించుకోనూ లేదు.

లెవిన్సన్‌కు పొగతాగే అలవాటు విపరీతంగా ఉండేది. 1987 మార్చిలో, 52 ఏళ్ల వయసులో, గుండెపోటుతో మరణించాడు. పాఠశాల నాటి స్నేహం అలా అర్ధాంతరంగా తెగిపోయింది. కలిసి పనిచేసే ఇద్దరు రచయితల అనుబంధాన్ని, వారిలో ఒకరిని కబళించబోయే వ్యాధిని చిత్రిస్తూ లింక్ 1991లో ‘ద బాయ్స్’ రాశాడు. 2010లో కొలంబో కథల సంపుటి ఒకటి వెలువరించాడు. 2020 డిసెంబరులో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

నేడు తెరలు నట్టింటిని దాటి పిల్లల అరచేతుల్లోకి చేరాయి. నేరాన్ని ఎంత భయంకరంగా చూపితే అంత లాభమనే పోటీ పెరిగింది. పిల్లలు చూసే కథలో చావు ఉందా లేదా అని మాత్రమే చూస్తే సరిపోదు. ఆ చావును కథ బరువైన విషయంగా చూపుతున్నదా, కాలక్షేపంగా మారుస్తున్నదా అన్నది తల్లిదండ్రులు గమనించాలి. వీలైనప్పుడు పక్కన కూర్చుని చూడండి. కథ ముగిశాక, “అతడు చేసింది ఎవరిని బాధపెట్టింది?” అని అడగండి. ఆ సంభాషణను తెర మన తరఫున జరపదు. అది మనమే జరపాలి.