హంసపాది: గుర్తించుట, పెంచుట



తొలకరి వానలు కురిసినతోడనే పాతబావుల రాతిసందులయందును, తూర్పుకనుమల నీడవాలులయందును నల్లని కాడలతో నొక చిన్నమొక్క చిగిర్చుచుండును. దీనిని హంసపాది యందురు. ఇది పూవు పూయదు, కాయ కాయదు. అయినను వంశము నిలుపుకొనుచున్నది.

దీనికి నాలుగు గుర్తులు కలవు. కాడ నల్లగా, సన్నగా, నిగనిగలాడుచుండును. దాని కిరువైపుల నర్ధచంద్రాకారపు టాకులు వరుసగా నుండును. ముదిరిన యాకు వంపు అంచు వెనుకకు మడతపడి గోధుమరంగు గీతవలె కనబడును. ఆకును నీట ముంచి తీసినచో తడి యంటదు. దీనికి శాస్త్రజ్ఞు లిచ్చిన అడియాంటమ్ అను గ్రీకు పేరునకు "తడవనిది" యనియే యర్థము. హంసపాది యను పేర వేఱు మొక్కలనుగూడ అమ్ముదురు గావున, పేరు విని మందుగా వాడరాదు.

ఆకు మడతలో విత్తనములకు బదులు సన్నని పొడి యుండును. ఆ రేణువు తడినేలపై పడి హృదయాకారపు చిన్న పచ్చని పలకగా పెరుగును. ఆ పలకపై సాధారణముగా మగకణము నీటిలో నీది ఆడకణమును చేరగా క్రొత్తమొక్క పుట్టును. ఈ రెండు దశల జీవితమును జర్మనీ దేశపు హాఫ్‌మైస్టరు 1851లో విశదపఱచెను. నీడయు, తడియు లేనిచోట నిది యేల బ్రదుకదో దీనివలన తెలియగలదు.

పెంచుటకు సులభమార్గ మొకటి కలదు. ఈ మొక్క రెమ్మకొన సాగి, నేలకు వంగి, తాకినచోట వేళ్లు తొడుగును. వానకాలమున ఆకుల ఎరువు, ఇసుక, ఇటుకముక్కలు కలిపిన కుండీని ప్రక్కనుంచి, కొనను మట్టిపై నొక రాతితో నదిమిపెట్టుడు. వేళ్లు నాటుకొని క్రొత్త చిగురు వచ్చిన పిమ్మట తల్లినుండి కోయవలెను. కుండీని చెట్టునీడన నుంచుడు. అడుగున నీరు నిలువరాదు.

ఇచట నా తప్పు నొకటి చెప్పవలెను. మొదటి వేసవిలో ఆకులన్నియు నెండిపోగా, మొక్కలు చచ్చినవని తలచి కుండీలను పెంటపై బోర్లించితిని. ఆషాఢమున ఆ పెంటప్రక్కనే రెండు చిగుళ్లు లేచినవి! వేసవిలో నిది నేలలోపల నిద్రించును. అప్పుడు కొలదిగా చెమ్మ చూపి, వానలవఱకు ఓర్పు వహింపవలెను.

రక్షితారణ్యమునుండి అనుమతిలేక మొక్కలు తెచ్చుట 1967వ సంవత్సరపు అటవీశాసనము ననుసరించి నేరము. తెచ్చుట కవసరమును లేదు. మన పాతబావులు సిమెంటుపూతతోను, పూడికతోను మాయమగుచున్నవి. వానితో నీ మొక్కయు పోవుచున్నది. కావున మీ బావిని పూయించుటకు ముందొకమాఱు లోనికి తొంగిచూడుడు. హంసపాది యున్నచో ఒక కొనను కుండీకి నాటించి, ఆ పిమ్మటనే తాపీవానిని పిలువుడు.