విదేశీ వెబ్‌పేజీని తెలుగులో చదివేటప్పుడు జాగ్రత్తలు

ఈ రోజుల్లో జబ్బు పేరు తెలియగానే ఇంట్లో ఎవరో ఒకరు సెల్‌ఫోన్ తీసి ఇంటర్నెట్‌లో వెతుకుతున్నారు. మన నెల్లూరు తీర గ్రామాల నుండి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారి కుటుంబాలకు అక్కడి ఆసుపత్రుల సమాచారం అరబిక్‌లో ఎదురవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైటు అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్ అనే ఆరు అధికార భాషల్లో నడుస్తుంది. వాటిలో తెలుగు లేదు. ఇలాంటి పేజీలను తెలుగులోకి మార్చి చూపే సౌకర్యం ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఉంది. దానిని ఎలా వాడాలో, ఎంతవరకు నమ్మాలో తెలుసుకుందాం.

ఈ సౌకర్యం ఎలా వచ్చింది?

గూగుల్ అనువాద సేవ 2006లో మొదలైంది. 2010లో క్రోమ్ బ్రౌజర్ లోపలే అనువాదం చేసే ఏర్పాటు వచ్చింది. 2011 జూన్‌లో తమిళం, కన్నడం, బెంగాలీ, గుజరాతీలతో పాటు తెలుగు కూడా చేరింది. మొదట్లో యంత్రం వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు సరిపోయే మాటలు వెదికి పేర్చేది. అందుకే ఆ తెలుగు అతుకుల బొంతలా ఉండేది. 2017లో వాక్యం మొత్తాన్ని ఒకేసారి చూసే కొత్త పద్ధతి తెలుగుకు వచ్చింది. అప్పటి నుండి వాక్యాలు సాఫీగా చదవడానికి వీలుగా ఉంటున్నాయి. అయితే వాక్యం సాఫీగా ఉన్నంత మాత్రాన అర్థం సరిగా ఉన్నట్టు కాదు.

ఎలా వాడాలి?

1. సెల్‌ఫోన్‌లో: క్రోమ్‌లో పేజీ తెరిచి, మూలన ఉన్న మూడు చుక్కలను నొక్కండి. వచ్చే పట్టికలో ట్రాన్స్‌లేట్ అన్నది ఎంచుకొని, భాషల్లో తెలుగును నొక్కండి.

2. కంప్యూటర్‌లో: పేజీలో ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కితే అనువాదం అనే మాట కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది.

3. అసలు పేజీని మళ్లీ చూడాలంటే అదే చోట మూల భాషను ఎంచుకోండి. ఈ అలవాటు చాలా ముఖ్యం.

4. బొమ్మలో ఉన్న అక్షరాలు, స్కాన్ చేసిన రిపోర్టులు ఈ పద్ధతిలో మారవు. పేజీలో సగం తెలుగు, సగం అరబిక్ కనబడితే సాధారణంగా కారణం అదే.

తప్పులు ఎలా వస్తాయి?

2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. ఆసుపత్రిలో వాడే 10 వాక్యాలను 26 భాషల్లోకి యంత్రంతో మార్చి చూశారు. సరిగా వచ్చినవి 57.7 శాతమే. బిడ్డకు ఫిట్స్ వస్తున్నాయన్న వాక్యం స్వాహిలీ భాషలో బిడ్డ చనిపోయినట్టుగా మారింది. గుండె ఆగిపోయిందన్న మాట మరాఠీలో గుండెను జైలులో పెట్టినట్టుగా వచ్చింది. ఇంగ్లీషులో 'అరెస్ట్' అంటే ఆగిపోవడం, ఖైదు చేయడం రెండూ కదా!

ఆ తరువాత యంత్రాలు మెరుగుపడ్డాయి. అయినా భాషను బట్టి తేడా ఉంది. ఇంటికి పంపేటప్పుడు రోగులకు ఇచ్చే సూచనలను అమెరికాలో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. స్పానిష్‌లో 94 శాతం సూచనల అర్థం నిలిచింది, అర్మేనియన్‌లో 55 శాతమే నిలిచింది. ఆ పరీక్షలో తెలుగు లేదు. కాబట్టి స్పానిష్‌కు వచ్చిన మార్కులు చూసి మన తెలుగు అనువాదాన్ని నమ్మకూడదు.

తప్పక సరిచూడవలసినవి

మందు వేసుకోవాలా, వద్దా: తెలుగులో "వేసుకోండి", "వేసుకోకండి" అనే మాటల మధ్య తేడా ఒక్క అక్షరమే. అనువాదంలో అది జారితే అర్థం తలక్రిందులవుతుంది.

దశాంశ గుర్తు: ఐరోపాలోని చాలా దేశాల్లో చుక్కకు బదులు కామా వాడతారు. అక్కడ 2,5 మిల్లీగ్రాములు అంటే రెండున్నర. దానిని ఇరవై అయిదుగా చదివితే మోతాదు పదింతలవుతుంది.

షుగరు కొలత: మన ల్యాబుల్లో షుగరును మిల్లీగ్రాముల్లో చెబుతారు. బ్రిటన్, కెనడా పేజీల్లో మిల్లీమోల్ అనే కొలత ఉంటుంది. దానిని సుమారు 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. అక్కడి 7 మన 126తో సమానం. యంత్రం మాటను మారుస్తుంది కాని కొలతను మార్చదు.

మందు పేరు: అమెరికా పేజీల్లో అసిటమినోఫెన్ అని ఉండేది మన పారాసిటమాల్ మందే. రెండు వేరు మందులనుకొని రెండూ వేసుకుంటే కాలేయానికి ప్రమాదం.

రెండర్థాల మాటలు: ఇంగ్లీషు 'డిశ్చార్జ్' అంటే పుండు నుండి కారే స్రావం కావచ్చు, ఆసుపత్రి నుండి ఇంటికి పంపడం కావచ్చు. 'స్టూల్' అంటే మలం కావచ్చు, కూర్చునే ఎత్తుపీట కావచ్చు. తెలుగు వాక్యం పొసగకపోతే ఇలాంటి మాట దగ్గర ఆగి, అసలు పేజీ చూడండి.

మీ వివరాలు భద్రం

క్రోమ్‌లో అనువాదం కోసం పేజీలోని మాటలు ఆ కంపెనీ కంప్యూటర్లకు వెళతాయి. అందరూ చదివే ఆరోగ్య వ్యాసానికి దీనివల్ల ఇబ్బంది లేదు. మీ పేరు, జబ్బు, రిపోర్టు ఉన్న పేజీ విషయంలో మాత్రం ఆలోచించండి. 2023 నుండి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కొన్ని భాషలను మన యంత్రంలోనే అనువదిస్తోంది.

చివరిగా ఒక మాట

జబ్బు గురించి తెలుసుకోవడానికి, డాక్టరుగారిని ఏమి అడగాలో సిద్ధం చేసుకోవడానికి ఈ సౌకర్యం బాగా ఉపయోగపడుతుంది. మందు మొదలుపెట్టడానికి, మానడానికి, మోతాదు మార్చడానికి మాత్రం దీనిపై ఆధారపడకండి. గల్ఫ్ నుండి మీవారు పంపిన మందుల చీటీ గాని, మీరు చదివిన పేజీ గాని ఉంటే అసలు కాపీని, తెలుగు అనువాదాన్ని రెండింటినీ ఓ.పి.కి తీసుకురండి. మందుల డబ్బా కూడా వెంట తెండి. ఛాతీ నొప్పి, ఫిట్స్, ఊపిరి ఆడకపోవడం, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఇంటర్నెట్‌లో వెదుకుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.