మా యింట ఆనవాయితీ

నేను కాపురానికి వచ్చింది 1974లో. ఆ యేడు ధనుర్మాసం సగమైనా గడవకముందే మా అత్తగారి నోట ఆ మాట విన్నాను: "మన యింట ఆనవాయితీ లేదమ్మాయ్!"

అత్తవారింట అడుగుపెట్టిన ప్రతి ఆడదానికీ పరిచయమైన మాటే యిది. ఒకరింట గుమ్మడికాయ వడియాలు పెట్టే ఆనవాయితీ వుండదు. యింకొకరింట ఫలానా నోము వుండదు. ఎందుకు లేదని అడిగితే, లేదు గనక లేదు. జిల్లా కోర్టు తీర్పు మీదయినా అప్పీలు వుందిగాని, యీ మాట మీద లేదు.

నేనడిగింది బొమ్మల కొలువు గురించి. మా పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కడ సంక్రాంతి అంటే మాకు కొలువే. భోగినాడు తెల్లవారుతూనే మా అమ్మ అటకమీది ట్రంకుపెట్టె దింపించేది. బొమ్మలన్నీ పాత పంచెల ముక్కల్లోనూ వారపత్రికల కాగితాల్లోనూ చుట్టి, మధ్య మధ్య ఎండిన వేపాకు వేసి వుండేవి. మేము అక్కచెల్లెళ్ళం బొమ్మలు వదిలేసి కాగితాల మీద పడేవాళ్ళం. ఒక సీరియల్లో కథానాయిక ఏడుస్తూ రైలెక్కేదాకా నేను ఏటేటా చదివాను. ఆవిడ ఏ స్టేషన్లో దిగిందో యీనాటికీ నాకు తెలియదు!

బల్లలు, పెట్టెలు, పీటలు మెట్లుగా పేర్చి పైన తెల్లదుప్పటి పరిచేది అమ్మ. మెట్లు బేసి సంఖ్యలో వుండాలి. ఏటా ఒక్క కొత్తబొమ్మయినా చేరాలి. మూడు సాయంత్రాలూ పేరంటం, పసుపు కుంకుమ, శనగలు. ఆఖరిరోజు హారతిచ్చి ఒక బొమ్మను పడుకోబెడితే కొలువు ముగిసినట్టు.

యిదంతా చెప్పి ఏలూరులో మా యింట పెడతానంటే అత్తగారు తల అడ్డంగా తిప్పారు. "మొదలుపెట్టడం ఎంతసేపు? పెట్టాక ఏటేటా పెట్టి తీరాలి. మనం పోయాక ఎవరు పెడతారు?" అన్నారు. కోపంగా అన్నమాట కాదు. అంచేత నేను జవాబు చెప్పలేకపోయాను.

మా అమ్మాయికి నాలుగో యేడు వచ్చిన సంక్రాంతికి, అంటే 1979లో, పక్కింటివారి కొలువుకు పేరంటానికి తీసుకెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం నేను వంటింట్లో వుండగా అది హాల్లో కిటికీ గట్టు మీద తన కొలువు పెట్టేసింది. రెండు పౌడరు డబ్బాలు, వాళ్ళ నాన్నగారి సిరాబుడ్డి, చదరంగం గుర్రం ఒకటి, మూత పోయిన కుంకుమ భరిణె. అన్నిటికీ మధ్య, విమానంలాగ, మా అత్తగారి కళ్ళజోడు పెట్టె!

ఆవిడ కునుకు తీసి లేచి కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చారు. నా గుండె గుభేలుమంది. కిటికీ ముందు కాసేపు నుంచున్నారు. గిర్రున లోపలికి వెళ్ళి హారతికర్పూరం పట్టుకొచ్చి వెలిగించారు. నేను నోరు తెరిచేలోగానే, "పిల్ల పెట్టుకుంది. నువ్వు పెట్టలేదుగా?" అన్నారు.

ఆవిడ ఏ కాలేజీలోనూ లా చదవలేదు సుమండీ.

మరుసటి యేడు "పిల్ల కొలువుకి ఒక బొమ్మయినా కావద్దూ?" అని తనే మమ్మల్ని కొండపల్లికి బయల్దేరదీశారు. బెజవాడ పక్కనే వుంటూ అంతవరకూ నేనా వూరు చూడలేదు. ఒక యింటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాం. తెల్లపొణికి కర్ర చేతిలోకి తీసుకుంటే చేతిలో ఏదీ లేనట్టే వుంటుంది. అంత తేలిక. దాన్ని ఆరబెట్టి, వెచ్చచేసి, తడి పూర్తిగా పోయాకే చెక్కుతారు. ఏనుగుకు తొండం, మనిషికి చేతులు విడివిడిగా చేసి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూసి, ఆరాక రంగులు. యింటాయన చెక్కుతుంటే యిల్లాలు రంగులు వేస్తున్నది. ఎనిమిదేళ్ళ కుర్రాడు మక్కు కలుపుతున్నాడు. వాడు కొంత పాడుచేస్తూనే వున్నాడు, అయినా తండ్రి ఏమీ అనడంలేదు. అది నేను చూశాను, కాని చూసింది మనసుకు ఎక్కించుకోలేదు. ఆ సంగతి ముందు చెబుతాను. (ఆ బొమ్మలకు 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొణికి చెట్లే తగ్గిపోతున్నాయని పనివారి దిగులు.)

మేము కొన్నది అంబారీ ఏనుగు. తరవాత దశావతారాలు వచ్చాయి, కల్లుగీత చెట్టు వచ్చింది. ఏటికొప్పాక లక్కబొమ్మలు వచ్చాయి. అవి అంకుడు కర్రతో చేసినవి. గిరగిర తిరుగుతున్న కర్రకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. ఆకులతో, గింజలతో చేసే రంగులను ఆ వూళ్ళో మళ్ళీ నిలబెట్టడానికి పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ యిచ్చారు. పాతవాటిని కూడా ఎవరో ఒకరు పూనుకుని మళ్ళీ మొదలుపెట్టవలసిందే కాబోలు.

1983లో ఒక పేరంటాలితో మా అత్తగారు అంటుండగా విన్నాను: "మా యింట కొలువు ఆనవాయితీ వుందండీ!" నాలుగేళ్ళ ఆనవాయితీ! నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఆవిడ 1991లో పోయారు. అప్పటికి కొలువు అయిదు మెట్లయింది. ఇక నా ఘనకార్యం చెప్పాలి. బొమ్మలు ఖరీదైనవయ్యాయి. వరస తప్పకూడదు. "ముట్టుకోకు, పగులుతుంది," "అలాకాదు, నేను పెడతాను, నువ్వు చూడు." మా అమ్మాయి చూసింది. చూసి చూసి, పెళ్ళిచేసుకుని బెంగుళూరు వెళ్ళిపోయింది. అక్కడ కొలువు పెట్టవేమే అని ఒకసారి నిష్ఠూరంగా అడిగాను. "నాకు పెట్టడం ఎక్కడ వచ్చమ్మా? నువ్వు ఎప్పుడైనా ముట్టుకోనిచ్చావా?" అంది. ఏ కిటికీ గట్టు మీద యిదంతా మొదలయిందో దానికి గుర్తు కూడా లేదనుకున్నాను.

మా కోడలిది అనంతపురం. వాళ్ళ వైపు కొలువు దసరాకు. పోయినేడాది, "అత్తయ్యా, మీకు నడుంనొప్పి, పెట్టెలు దించలేకపోతున్నారు. బొమ్మలు హైదరాబాదు తెస్తే దసరాకి మేము పెడతాం. సంక్రాంతికి ఆయనకు సెలవు మూడురోజులు కూడా దొరకదు" అంది.

"దసరాకా? మన యింట ఆనవాయితీ లేదమ్మాయ్!" అన్నాను.

అన్నాక నాకే వినిపించింది. అచ్చంగా మా అత్తగారి గొంతే.

రెండురోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సంక్రాంతి కొలువు మా అమ్మది. అది దసరాకు వెళ్ళిపోతే అమ్మ ఎక్కడుంటుంది? ఎవరితో అనగలను యీ మాట? చివరకు ట్రంకుపెట్టెతో సహా రైలెక్కాను.

పాడ్యమినాడు కొలువు తీర్చారు. తొమ్మిదిరోజులూ రోజుకొక రకం గుగ్గిళ్ళు. అలసందలవి బాగున్నాయి, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆరేళ్ళ మనవరాలు పై మెట్టు మీద దశావతారాల పక్కన తన ప్లాస్టిక్ కారు నిలబెట్టింది. నేను నోరు తెరిచి మూసేసుకున్నాను. అంతలో దాని మోచెయ్యి తగిలి అంబారీ ఏనుగు కింద పడింది. తొండం వూడింది.

పిల్ల ఏనుగును చూడలేదు, నన్ను చూసింది. "చెప్పానా!" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. మక్కు పాడుచేసిన ఆ కొండపల్లి కుర్రాడు ఎందుకు గుర్తొచ్చాడో! "అది అతుకు పెట్టిన తొండమే. ఎక్కడ పెడతావు, నువ్వే చెప్పు" అన్నాను. అది ఏనుగును గోడవైపు తిప్పి పెట్టింది.

ఆ రాత్రి ఫోనులో కొలువు చూపిస్తుంటే మా అమ్మాయి అన్ని మెట్లూ తేరిపార చూసి, "బామ్మ కళ్ళజోడు పెట్టె ఏదమ్మా?" అంది.

నా బీరువాలో వుందన్నాను. ఏలూరు వెళ్ళగానే తనకు పంపమంది. ఎందుకని నేను అడగలేదు. తొండం ముక్క మాత్రం పాత పత్రిక కాగితంలో చుట్టి నా సంచీలో వుంది. కొండపల్లి వెళ్ళి మక్కు పెట్టించుకు రావాలి. తనను కూడా తీసుకెళ్ళాలని మనవరాలి షరతు.