పెద్ద బండికి ఇదేనా టైమ్?

ఆఫర్ లెటర్ మెయిల్‌కి వచ్చేసింది. ఇంట్లో స్వీట్లు పంచారు. పార్టీ ఎప్పుడంటూ ఫ్రెండ్స్ గ్రూపులో గోల మొదలైంది. జాయినింగ్‌కి ఇంకా నెల టైముంది. రాత్రి పడుకునే ముందు మీరు ఫోన్లో వెతుకుతున్నది మాత్రం కంపెనీ గురించి కాదు... 350 సీసీ బండి ఆన్ రోడ్ ధర ఎంతా అని!

కాలేజీ రోజులన్నీ నాన్న స్ప్లెండర్ మీదే గడిచాయి. సైలెన్సర్‌కి తుప్పు పట్టినా, సీటు కవరు చిరిగినా నోరెత్తకుండా తిరిగారు. ఇప్పుడు సొంత జీతం వస్తోంది కదా! ‘‘డౌన్ పేమెంట్ ఒక్కటి కట్టు నాన్నా, ఈఎంఐ నేను చూసుకుంటా’’ అని మీరంటారు. ‘‘ముందు ఉద్యోగంలో కుదురుకోరా’’ అని ఆయనంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది. రెండ్రోజులు ఇంట్లో ముఖాలు ముడుచుకుంటాయి.

పెద్ద బండి కోరుకోవడం తప్పేం కాదు. కానీ చిన్న బండి నుంచి పెద్ద బండికి మారడంలో రెండు పరీక్షలున్నాయి. ఒకటి మీ చేతికి, రెండోది మీ జేబుకి. ఈ రెండూ పాసయ్యారో లేదో షోరూంలో ఎవరూ అడగరు. మిమ్మల్ని మీరే అడగాలి.

లైసెన్స్ ఒకటే... మెట్లు లేవు!

బ్రిటన్‌లో 17 ఏళ్ల కుర్రాడు మొదట 125 సీసీ బండితోనే సరిపెట్టుకోవాలి. 19 ఏళ్లు నిండి, మరో టెస్టు పాసైతే మధ్యరకం బండి. ఆ లైసెన్స్‌తో రెండేళ్లు నడిపి ఇంకో టెస్టు పాసైతే 21కి ఎంత పెద్ద బండైనా నడపొచ్చు. నేరుగా పెద్ద బండి లైసెన్సే కావాలంటే 24 ఏళ్లు నిండాలి.

మన దగ్గర ఈ మెట్లు లేవు. 18 నిండాక గేర్ల బండి లైసెన్స్ ఒకసారి చేతికొస్తే 100 సీసీ అయినా, 650 సీసీ అయినా అదే కార్డు. పొద్దున స్ప్లెండర్ దిగి సాయంత్రం 390 డ్యూక్ ఎక్కినా చట్టం అడ్డుచెప్పదు. అందుకే ఆ మెట్లేవో మనమే కట్టుకోవాలి.

ఇంకో మాట. స్కూటీ నేర్చుకుని గేర్లు లేని బండ్ల లైసెన్స్ తీసుకున్న అమ్మాయిలు, అబ్బాయిలు చాలామందే ఉన్నారు. ఆ కార్డుతో గేర్ల బండి నడపకూడదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. బండి బుక్ చేసే ముందే ఆర్టీఏలో గేర్ల బండి క్లాసు చేర్పించుకోండి.

సీసీ ఒక్కటే చూస్తే మోసపోతారు

స్ప్లెండర్ ప్లస్ ఇంజిన్ 97.2 సీసీ, శక్తి దాదాపు 8 పీఎస్, బరువు 112 కిలోలు. క్లాసిక్ 350 ఇంజిన్ 349 సీసీ, శక్తి సుమారు 20 పీఎస్, బరువు 195 కిలోలు. అంటే బండికి 80 కిలోలకు పైగా బరువు పెరిగింది. మీ వెనకాల ఓ పెద్దమనిషి ఎప్పుడూ కూర్చునే ఉన్నట్టు! రోడ్డు మీద పోతున్నప్పుడు ఈ బరువు పెద్దగా తెలియదు. పార్కింగ్‌లో వెనక్కి లాగేటప్పుడు, ట్రాఫిక్‌లో నడక వేగంతో పాకేటప్పుడు, ఇసుక మీద కాలు పెట్టినప్పుడు తెలుస్తుంది. పెద్ద బండికి మారినవాళ్లు మొదట బండి పడేసుకునేది ఎక్కువగా ఇలా ఆగేచోటే.

390 డ్యూక్ కథ వేరు. బరువు క్లాసిక్ కన్నా తక్కువే, శక్తి మాత్రం స్ప్లెండర్‌కి ఐదు రెట్లకు పైనే. కిలో బరువుకి ఎంత శక్తి ఉందో లెక్కేస్తే క్లాసిక్ స్ప్లెండర్‌కి ఒకటిన్నర రెట్లుంటే, డ్యూక్ దాదాపు నాలుగు రెట్లుంటుంది. ఎక్స్‌లేటర్ మీద చెయ్యి కాస్త ఎక్కువ తిరిగితే స్ప్లెండర్ క్షమిస్తుంది. డ్యూక్ క్షమించదు. రెండూ పెద్ద బండ్లే అయినా ఒకటి ఓపిక అడుగుతుంది, రెండోది అనుభవం అడుగుతుంది.

ఎత్తు కూడా చూసుకోవాలి. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, మీటియర్ 350 సీటు 765, అవెంజర్ సీటు 737. షోరూంలో ఎక్కి కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలి. దిగి, బండిని నాలుగడుగులు వెనక్కి నెట్టి చూడండి. సెంటర్ స్టాండ్ ఉంటే వేసి చూడండి. టెస్ట్ రైడ్‌లో వంద దాటించి చూడాలన్న సరదా పక్కనపెట్టి, ఇరుకు సందులో కాలు కింద పెట్టకుండా యూటర్న్ తిప్పి చూడండి. ఆ బండి మీకు సరిపోతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

అసలు తేడా బ్రేకు దగ్గరే

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. ఎదురుగా ఆవు అడ్డొచ్చింది. చూసి, తేరుకుని బ్రేకు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులోనే బండి 11 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి తారు రోడ్డు మీద బ్రేకులు బాగా పట్టినా ఆగడానికి ఇంకో 9 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు.

అదే 80 వేగంలో అయితే? ఆలోచించే సెకనులో 22 మీటర్లు, బ్రేకు వేశాక 35 మీటర్లు... మొత్తం 57. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే ఇది. చిన్న బండి 80 దగ్గరికొచ్చేసరికి వణికి, అరిచి ‘ఇక చాలు’ అని చెబుతుంది. పెద్ద బండి చప్పుడు మారకుండానే 80కి వెళ్తుంది. మీటరు చూస్తే తప్ప ఎంతలో ఉన్నామో తెలియదు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

చిన్న బండి మీద మనలో చాలామందికి కాలి బ్రేకే అలవాటు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకొస్తుంది కాబట్టి నిజంగా బండిని ఆపేది ముందు బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అయితే సింగిల్ ఛానల్ ఏబీఎస్ ఉన్న బండికి ఆ రక్షణ ముందు చక్రానికే. కాలి బ్రేకు గట్టిగా తొక్కితే వెనక చక్రం జారుతుంది. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న తారు రోడ్డు చూసుకుని 20 వేగంతో మొదలుపెట్టి 30, 40 వరకూ రెండు బ్రేకులూ కలిపి వేయడం ప్రాక్టీస్ చేయండి. ముందు బ్రేకుని ఒక్కసారిగా గుంజకుండా, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా బిగించాలి. ఇదంతా మీ పాత బండి మీదే ఇవాళే మొదలుపెట్టొచ్చు.

జీతంలో బండి వాటా ఎంత?

ఇప్పుడు జేబు సంగతి. చేతికి 25 వేలు వస్తాయనుకుందాం. బండి ఆన్ రోడ్ 2.3 లక్షలు. నాన్న 50 వేలు డౌన్ పేమెంట్ కట్టారు. మిగతా 1.8 లక్షలు లోను... 11 శాతం వడ్డీ, మూడేళ్లు. ఈఎంఐ సుమారు 5,900 వస్తుంది. మూడేళ్లలో కట్టే వడ్డీ 32 వేలు.

రోజుకి 40 కిలోమీటర్ల చొప్పున నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు. లీటరు పెట్రోలు 108 రూపాయలు అనుకుంటే, 35 మైలేజీకి దాదాపు 3,100. బీమా, సర్వీసింగ్, టైర్ల కోసం నెలకి వెయ్యి పక్కన పెట్టాలి. మొత్తం 10 వేలు. అంటే జీతంలో 40 శాతం బండికే! హాస్టలు, ఇంటికి పంపేది, ఫోను, బట్టలు... అన్నీ మిగిలిన 15 వేలల్లోనే.

అదే వెయ్యి కిలోమీటర్లు స్ప్లెండర్ మీద 60 మైలేజీతో తిరిగితే పెట్రోలుకి 1,800. సర్వీసింగ్‌కి ఇంకో మూడు వందలు కలిపినా 2,100. తేడా నెలకి 7,900. ఏడాదికి దాదాపు 95 వేలు. ప్రాజెక్టు పోయినా, ఉద్యోగం నచ్చక మానేసినా మూడు నాలుగు నెలలు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నిలబెట్టే డబ్బు అది.

షోరూంలో సంతకం పెట్టే ముందు ఈ మూడూ అడగండి:

- వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గుతున్న బాకీ మీద రేటా? 1.8 లక్షలకి ఫ్లాట్ 9 శాతం అంటే తక్కువేననిపిస్తుంది. నిజానికి మూడేళ్లకి 48,600 వడ్డీ. అసలు లెక్కలో 16 శాతం దాటుతుంది.

- బీమా ఎంత? కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టాలి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో 75 నుంచి 150 సీసీ వరకు 3,851 రూపాయలు, 350 వరకు 7,365, ఆపైన 15,117. పన్ను అదనం.

- జీఎస్టీ ఏ శ్లాబు? 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40 శాతం. 349 సీసీకి, 390 సీసీకి మధ్య ఈ గీత ఉంది.

ఈఎంఐ తప్పితే ఉద్యోగానికీ ఎసరు

రెండు నెలలు ఈఎంఐ బౌన్స్ అయితే ఏమవుతుందిలే అనుకోకండి. అది మీ క్రెడిట్ రికార్డులోకి ఎక్కుతుంది. రేపు ఇంటి లోను దగ్గర అడ్డొస్తుంది. బ్యాంకు కొలువుకి ప్రిపేరవుతున్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త! ఐబీపీఎస్, ఎస్‌బీఐ నోటిఫికేషన్లలో క్రెడిట్ హిస్టరీ సరిగా ఉండాలన్న షరతు ఉంటోంది. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ గట్టెక్కాక బండి లోను దగ్గర ఆగిపోతే ఆ బాధ ఎవరికి చెప్పుకుంటారు?

మధ్యలో ఓ మెట్టు

వంద నుంచి నేరుగా 350కి దూకాలనేం లేదు. 150-160 సీసీ బండ్లు... యూనికార్న్, పల్సర్, ఎఫ్‌జెడ్, అపాచీ... బరువు చాలావరకు 135 నుంచి 150 కిలోల మధ్యే. ఏబీఎస్ ఉంటుంది, హైవే మీద లారీని దాటే సత్తువ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఏడాదో, ఏడాదిన్నరో నడిపితే చెయ్యి తిరుగుతుంది, ఈలోగా జీతమూ పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ కొంటే ఆర్‌సీ మీ పేరుకి మారేదాకా నిద్రపోకండి. ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ల సంతకాలు ఉండాలి. పాత లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌వోసీ, ఫారం 35 అడగండి. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోండి. బీమా మీ పేరు మీదికి మార్చడానికి 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.

ఫీల్డ్ సేల్స్, మెడికల్ రెప్, మైక్రోఫైనాన్స్ ఉద్యోగాలకి ‘టూవీలర్, లైసెన్స్ తప్పనిసరి’ అంటారు. అక్కడ బండి పనిముట్టే. ఇచ్చే పెట్రోలు అలవెన్సు కిలోమీటర్ల లెక్కనైతే 60 మైలేజీ బండి మీద ఎంతోకొంత మిగులుతుంది, 35 మైలేజీ బండి మీద చేతి నుంచి పడొచ్చు. ఆ లెక్క హెచ్‌ఆర్‌ని అడిగాకే బండి సంగతి తేల్చుకోండి.

కొన్నాక మొదటి నెల

అన్నీ చూసుకుని పెద్ద బండి కొనేశారు. శుభం! నంబర్ ప్లేటు కన్నా ముందు ఐఎస్‌ఐ మార్కున్న హెల్మెట్ కొనండి, వెనక కూర్చునేవాళ్లకీ ఒకటి. మొదటి నెల వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు. కొత్త టైర్లు కాస్త జారతాయి కాబట్టి మొదటి రెండొందల కిలోమీటర్లు మలుపుల్లో నిదానంగా వెళ్లండి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకుని, చూపు బయటికెళ్లే దారి మీద పెట్టండి. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపుకోవాలి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగకూడదు. హైదరాబాద్‌లో ఉంటే ఓఆర్‌ఆర్ మీద వేగం చూద్దామన్న ఆలోచన మానుకోండి, ప్రధాన రహదారి మీదికి టూవీలర్లను రానివ్వరు.

ఎప్పుడు కొనాలంటారా? ప్రొబేషన్ పూర్తయి ఉద్యోగం కన్‌ఫర్మ్ అయ్యాక, మూడు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్నాక, బండి ఖర్చంతా కలిపినా జీతంలో అయిదో వంతు దాటనప్పుడు. ఈలోగా నెలకి 5,900 చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టి చూడండి. ఆర్నెల్లు తడబడకుండా కట్టగలిగితే ఈఎంఐ మోసే శక్తి మీకుందని తేలిపోతుంది. 35 వేలకు పైగా డౌన్ పేమెంటూ చేతిలో ఉంటుంది. ఆ పాస్‌బుక్కు తీసుకెళ్లి నాన్న ముందు పెట్టండి. ‘కుదురుకోరా’ అన్న మనిషే ‘ఏ కలర్ తీసుకుంటున్నావ్?’ అని అడుగుతారు.

అన్నట్టు, స్ప్లెండర్‌ని అమ్మేయకండి. నాన్నకి ఆఫీసుకెళ్లడానికి బండి కావాలి కదా!