చిత్తూరులో పళ్ళ డాక్టరు పొలం

అచ్యుతాపురం నుంచి అనకాపల్లి దారి పట్టినవారికి రెండు లోకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు ఆర్థిక మండలి ఫ్యాక్టరీలు, వాటి గొట్టాలు, రాత్రిని పగలు చేసే దీపాలు, షిఫ్టు దిగి బస్సుకోసం నిలబడిన ఆడపిల్లలు. మరికాస్త ముందుకు పోతే చెరుకు తోటలు, కాలం కలిసివస్తే బెల్లం వండుతున్న పొగ, ఆ కమ్మని వాసన. ఇటువంటి చోట అరగంట కరెంటు పోయిందంటే ఇంటి యజమాని విసనకర్ర ఊపుకుంటూ అనే మాట ఒకటి వుంది. "ఎందుకొచ్చిన గోల! ఎక్కడన్నా రెండెకరాలు కొని, ఓ ఆవును కట్టేసుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ బతికితే చాలదూ?" కరెంటు రాగానే ఆ మాట మరచిపోతాడు. అది వేరే సంగతి.

మరచిపోకుండా చేసి చూసిన మనిషి ఒకాయన వున్నాడు. ఆయన ఇంగ్లీషువాడు, వృత్తి పళ్ళ డాక్టరు, పేరు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. పొలం పెట్టింది మన చిత్తూరులో, ఇప్పటికి నూట ఎనభై ఏళ్ళకు పైమాట. అప్పటికి భూమ్మీద ఏ ఊళ్ళోనూ కరెంటు దీపం లేదు కాబట్టి, దీపం లేకుండా బతకడం ఆయనకు గొప్ప కాదు. గొప్పంతా వేరే చోట వుంది. కష్టమూ అక్కడే వచ్చింది.

గ్రోవ్స్ పుట్టింది 1795లో. పందొమ్మిదేళ్ళకే ప్లిమత్ రేవులో పళ్ళ వైద్యం మొదలుపెట్టాడు. తరువాత ఎక్సెటర్ పట్నానికి మారి, ఏటా వెయ్యి పౌన్లకు పైబడి గడించేవాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కూలివాడికి సాలుకు ముప్పై, నలభై పౌన్లు వస్తే ఎక్కువ. ఆ లెక్కన గ్రోవ్స్ ఇంట్లో లక్ష్మి తాండవమాడుతున్నట్టే. అయితే దొరగారికి బైబిలు చదివే అలవాటు వుంది. భూమిమీద ధనం కూడబెట్టుకోవద్దన్న క్రీస్తు మాటను అందరూ చదువుతారు, తల వూపుతారు, బీరువా తాళం చేతులు మొలకు దోపుకుంటారు. ఈయన మాత్రం ఆ మాటను ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాడు. మొదట రాబడిలో పదోవంతు పంచిపెట్టాడు, తరువాత నాలుగోవంతు, ఆ పైన ఇంటి ఖర్చుకు మిగిలినదంతా. 1825లో ఈ సంగతే ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు.

ఇల్లాలు ఏమన్నదని మన ఆడవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆమె పేరు మేరీ. మొదట ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. కలిగిన ఇంటి బిడ్డ, సుఖంగా సాగుతున్న కాపురం, ఇదంతా వదులుకుని దేశాలు పట్టిపోవడం ఏమిటని బాధపడింది. బీదసాదలకు ఆ డబ్బు పంచే పని భర్త ఆమె చేతికే ఇచ్చాడు. ఇరుకు సందుల్లో తిరిగి, ఆ ఇళ్ళు కళ్ళారా చూసి, కొన్నేళ్ళకు ఆమె మనసే మారింది. చివరకు బయలుదేరుదామన్నది ఇద్దరి మాటా అయింది. 1829లో ఏ సంఘమూ జీతమిస్తానని హామీ ఇవ్వకుండానే పిల్లలతో బాగ్దాదుకు ప్రయాణం కట్టారు. 1831లో ఆ ఊరికి ప్లేగు వచ్చింది. దాని వెనకే టైగ్రిస్ నది పొంగి వేల ఇళ్ళను కూల్చింది. ఆ మే నెలలోనే మేరీ చనిపోయింది. ఒడిలోని పసిపాప కూడా ఆ ఏడు దాటలేదు.

మన కాటన్ దొరతో గ్రోవ్స్‌కు పరిచయమైంది బాగ్దాదులోనే. అప్పటికి కాటన్ ఇంకా గోదావరి మొహం చూడలేదు. ఆయన ప్రోద్బలంతో గ్రోవ్స్ 1833లో ఇండియాకు వచ్చి, దేశమంతా తిరిగాడు. తిరిగి ఇంగ్లండు వెళ్ళి, హారియట్ అనే ఆమెను పెళ్ళాడి, 1836లో చెన్నపట్నం చేరాడు. ఈసారి వెంట రెండు జంటలను తెచ్చాడు. వారిలో విలియం బౌడెన్ రాతిపని మేస్త్రీ, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ ఊరివారు.

అంతకుముందు మన తీరానికి మిషనరీలు రాలేదని కాదు. 1805లోనే క్రాన్, డే గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. అయితే వారి వెనక లండన్ సంఘం వుంది, నెల జీతం వుంది. గ్రోవ్స్ తెచ్చినవారికి అదేదీ లేదు. ఊళ్ళో నలుగురు తోచినంత పంపితే అందుతుంది. ఆ ఉత్తరం ఓడమీద ఆఫ్రికా చుట్టి రావడానికి నెలలు పడుతుంది. ఈలోపల చేతిపని చేసుకోవాలి, లేదా పొదుపుగా గడపాలి. గ్రోవ్స్ కూడా చెన్నపట్నంలో మళ్ళీ పళ్ళ వైద్యం చేసి ఇల్లు నడిపాడు.

1837లో ఆయన చిత్తూరు చేరాడు. ఇక్కడ ఒక చిక్కు కనిపించింది. కొత్తగా క్రైస్తవంలో చేరినవాణ్ణి కులం వెలివేస్తుంది, అన్నదమ్ములు వాటా ఇవ్వరు, కుండ కొనేవాడుండడు, కూలికి పిలిచేవాడుండడు. వాడు వచ్చి దొర గుమ్మంలో కూర్చుంటాడు. దొర జీతమిచ్చి బోధకుణ్ణి చేస్తే, వాడు దేవుడికోసం వచ్చాడో జీతంకోసం వచ్చాడో వాడికే తెలియకుండా పోతుంది. ఈ తిరకాసు గ్రోవ్స్ బాగా కనిపెట్టాడు. ఎవరికీ జీతాలు వద్దు, అందరం కలిసి నేల దున్నుకుందాం, దొర చేతికీ కాయలు కాయనీ, పండించుకు తిందాం, పిల్లలకు బడి నడుపుదాం, మిగిలిన పొద్దులో దేవుడి మాట చెప్పుకుందాం అన్నాడు. ఆలోచనలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు.

మొదట మల్బరీ వేశారు, పట్టుపురుగులు పెంచడానికి. నేడు పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పట్టుగూళ్ళ బేరం తెలిసినవారు ఈ మాట విని నవ్వుకుంటారు. ఆ నేలమీద పట్టు పండదని ఎవరు చెప్పగలరు? కాని పట్టుపురుగు పసిపిల్లవంటిది. వేళకు లేత ఆకు వేయాలి. ఎండ ఎక్కువైనా, తడి ఎక్కువైనా, ఒక రోగపు పురుగు కలిసినా, తట్టలకు తట్టలే పోతాయి. ఆ జబ్బుల గుట్టు తెలియడానికి ఇంకా పాతికేళ్ళకు పైగా వ్యవధి వుంది. 1860ల తరువాత ఫ్రాన్సులో పాస్చర్ పండితుడు సూక్ష్మదర్శినితో గుడ్లు పరీక్షించి చూపేదాకా పట్టు రైతు చేయగలిగింది దణ్ణం పెట్టుకోవడమే.

మొదట్లో కాస్త ఆశ చిగిర్చింది. ఆశ చిగిరిస్తే పొలం పెంచాలనిపిస్తుంది. పొలం పెంచాలంటే పెట్టుబడి కావాలి. పెట్టుబడి కావాలంటే అప్పు. తనకంటూ దమ్మిడీ దాచుకోవద్దని పుస్తకం రాసిన మనిషి ఇక్కడ అప్పు పుచ్చుకున్నాడు. తనకోసం కాదు, నలుగురి కూటికోసమే. కాని వడ్డీకి ఆ తేడా తెలియదు గదా. పట్టు అచ్చిరాలేదు. చెరుకు, పంచదార వైపు తిరిగితే అదీ గట్టెక్కించలేదు. ఊరూరా తిరిగి బోధ చేయవలసిన మనిషిని లెక్కల పుస్తకం చిత్తూరుకు కట్టిపడేసింది. ఆ భారం ఆయన మనసును ఏళ్ళ తరబడి నలిపివేసింది.

అనకాపల్లి మార్కెట్టులో బెల్లం దిమ్మలు దింపిన రైతు ఎవరైనా ఈ కథ సగం వినకుండానే మిగతా సగం చెప్పగలడు. చెరుకు కోతకు వచ్చాక ఆగదు. కోసిన చెరుకు అసలే ఆగదు. బెల్లం వండిన రోజున ధర ఎంత వుంటే అంతే. ధరను నిర్ణయించే చేయి ఎక్కడో వుంటుంది. గ్రోవ్స్ కాలంలో అది లండన్‌లో వుండేది. 1846లో అక్కడి పార్లమెంటు పంచదార సుంకాల చట్టం మార్చి, బానిసలచేత పండించిన క్యూబా, బ్రెజిల్ పంచదారకు కూడా తలుపులు తెరిచింది. ధరలు పడిపోయాయి. లోకంతో పని లేకుండా బతుకుదామని పొలం పెట్టినవాడు లోకమంతా అమ్మే సరుకు పండిస్తే ఎలా? తిండిగింజలతో ఆగివుంటే ఏమయ్యేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

చిత్రమేమంటే, ఆయన కొడుకులకు పంచదార కలిసివచ్చింది. వారు 1847లో మైసూరు రాజ్యంలో శ్రీరంగపట్నం దగ్గర పాలహళ్ళిలో అష్టగ్రామ పంచదార ఫ్యాక్టరీ పెట్టారు. తాము చెరుకు పండించకుండా, రైతులు వండిన బెల్లం కొని దాన్ని శుద్ధి చేసేవారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఆ పంచదారకు బహుమతి వచ్చింది. వ్యాపారాన్ని వ్యాపారంగా చేశారు, నిలదొక్కుకున్నారు. తండ్రి వ్యాపారం కాని దానికోసం వ్యాపారం చేయబోయాడు.

అయితే ఆయన ఆలోచన వమ్మయిపోయిందనుకుంటే పొరపాటు. గ్రోవ్స్ దగ్గర మెలిగిన అరుళప్పన్ అనే తమిళ యువకుడు వున్నాడు. గ్రోవ్స్ జీతమిస్తానన్నా వద్దన్నవాడు ఇతడు. 1840లో తిరునల్వేలి వైపు వెళ్ళి, కొన్ని కుటుంబాలతో కలిసి క్రిస్టియన్‌పేట అనే పల్లె కట్టాడు. సేద్యం చేసుకోవడం, బడి నడపడం, ఊళ్ళు తిరిగి చెప్పడం వారి పని. గురువు అనుకున్నది అనుకున్నట్టు శిష్యుడి చేతిలో నిలిచింది. ఎందుకు? అరుళప్పన్‌కు ఆ నేల పుట్టిన నేల. ఏ వానకు ఏ విత్తనం వేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. దొరలాగా బతకడం మానుకోవలసిన అవసరమూ అతనికి లేదు, ఎన్నడూ దొరలాగా బతకలేదు గనక.

ఇక ఆ మేస్త్రీ, ఆ చెప్పులు కుట్టేవాడు. వారు ముందు బందరులో తెలుగు నేర్చుకుని, అక్కడినుంచి గోదావరి లంకలవైపు వెళ్ళి నరసాపురం, పాలకొల్లులలో కాపురం పెట్టారు. అది నందన కరువు కాలి చల్లారని కాలం. ఆ కరువులో, 1832-33లో, ఒక్క గుంటూరు సీమలోనే రెండు లక్షలమంది పోయారని అంచనా. 1839 నవంబరులో కోరంగి దగ్గర సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. అటువంటి సీమలో, ఆముదం దీపం కింద, ఈ రెండు జంటలు సంసారం చేశాయి. పొలం కొనలేదు, సరుకు పండించలేదు. వచ్చినది తిన్నారు, రానినాడు సర్దుకున్నారు. గ్రోవ్స్ చెల్లెలి భర్త జార్జి ముల్లర్ (బ్రిస్టల్‌లో వేలాది అనాథలను పెంచిన ముల్లర్ ఈయనే) వీలైనప్పుడల్లా వీరికి సొమ్ము పంపేవాడు.

1847లో ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. మొదటి ఏటనే పదివేలమంది దాకా కూలీలు చేరారు. బౌడెన్ అక్కడికి వెళ్ళి వారి మధ్య తిరిగాడు. రాళ్ళు మోసేవారికి, రాళ్ళు చెక్కేవారికి ఈ దొర కొత్తగా కనిపించివుండాలి. రాయిని చూడగానే దాని వాటం చెప్పగల దొర మరి! పని ముగిసి కూలీలు తమ తమ పల్లెలకు వెళ్ళినప్పుడు, విన్న మాట కూడా వారి వెంట వెళ్ళింది. గోదావరి డెల్టా మిషన్ అని తరువాత పేరుపడినదానికి పునాది ఇక్కడ పడింది.

ఆనకట్ట పూర్తయిన 1852లోనే గ్రోవ్స్ జబ్బుపడి ఇండియా విడిచాడు. 1853 మే 20న బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లో కన్నుమూశాడు. ఆ ఏడాదే జార్జి బీర్ కూడా చనిపోయాడు. అతని భార్య ఎలిజబెత్ పిల్లలతో స్వదేశం వెళ్ళిపోలేదు. బీర్ కొడుకులు ఆ పనిలోనే పెరిగి పెద్దవారయ్యారు. బౌడెన్ 1876 దాకా వున్నాడు. రాతిపని మేస్త్రీగా చెన్నపట్నంలో దిగిన మనిషి నలభై ఏళ్ళు గోదావరి నీళ్ళు తాగి, కాటన్ కాలవల పుణ్యమాని బీళ్ళు వరిమడులు కావడం కళ్ళారా చూసి పోయాడు.